అమ్మ బిళ్ళ

హలో… ఆ, నేనేరా ఫణీ. చెప్పు…

భోజనాలా… మీ బావగారు తిన్నారు. నాకే సయించలేదు…

ఒంట్లో బాగానే ఉంది. పొద్దున్న ఇందుజ స్టేటస్‌లో పెట్టిన ఫొటో చూశాను. అప్పట్నించీ దాన్నే తీసి తీసి చూస్తున్నాను…

ఏ ఫొటో అంటావేంటి? నీ కూతురు సోఫా మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నది. ఆ… అదే. పట్టీలు కనపడేలా పాదాలు ముందుకు పెట్టించి మరీ తీసింది మీ ఆవిడ.

బంగారం పట్టీలే కదా?… ఊఁ.

నీ దగ్గర ఏంట్రా ఆ గలగల?… ఏం లేదా. సరే.

వస్తానో రానో తర్వాత చెప్తాను. ఆదివారం పద్మప్రియ ఓణీల ఫంక్షనని నాకు తెలుసు. మేనత్తని, పీటల మీద పిల్ల కాళ్ళకి పసుపు రాసి పారాణి పెట్టాల్సింది నేనేనని కూడా తెలుసు. ముందు ఒక్క సంగతి చెప్పు. ఆ బంగారం ఎక్కడిది?…

పిన్ని నగలు చెరిపించారా. సరే. మీ అమ్మవి, నీకొచ్చాయి, చెరిపించుకో, నీ ఇష్టం. గొలుసు… ఆ… గాజులు… ఇంకా?…

ఇంకా ఏం వేశార్రా అందులో?…

మాట మార్చకు, ఫణీ.

మా అమ్మ బిళ్ళ కూడానా?

…

చిన్న బిళ్ళా? ‘ఏదో చిన్న బిళ్ళ’ అనడానికి నోరెలా వచ్చిందిరా నీకు?

ఇందుజకి తెలీదా… లక్ష్మీదేవి లాకెట్టు అనుకుందా… పోనీ, ఆ పిల్ల బయట్నించి వచ్చింది, తెలీదనుకుందాం. అయినా లక్ష్మీదేవనుకుని కాళ్ళకి చేయించిందా? ఛీ… అది కాదురా, నీకేమైంది? నాన్న రెండో పెళ్ళి చేసుకున్నప్పుడు, పోయిన మొదటావిడ బొమ్మ బంగారం బిళ్ళ మీద కొట్టించి, మీ అమ్మ మెళ్ళో పుస్తెల పక్కనే వేశారని నీకు తెలీదా?…

తెలుసు. తెలిసే కరిగించావన్నమాట.

నీకు పెద్దమ్మరా ఆవిడ. కొత్త చీర కొనుక్కుంటే ముందు ఆ బిళ్ళకి తాకించి, ‘నువ్వు కట్టుకో అక్కా, తర్వాత నేను’ అనేది పిన్ని. గాజులు చేయించుకున్నా అంతే. మొదటి ముద్ద తినేముందు కూడా బిళ్ళ మీద చెయ్యి వేసుకునేది. నువ్వు ఆ పక్కనే కూర్చుని తినలేదూ?…

నాన్న పోయినప్పుడు పుస్తెలు తీసేసింది గానీ బిళ్ళ తియ్యనివ్వలేదు. పెద్దవాళ్ళంతా చెప్పినా వినలేదు. ‘ఆయన పోయాడు, అక్క ఎక్కడికి పోయింది?’ అంది. అంత పట్టుదలగా దాచిందిరా, మీ అమ్మ. నా అమ్మని…

ఊఁ… చెప్పు, వింటున్నాను…

ఎవరో తాడేపల్లిగూడెం కంసాలా… ఆ… మీ కళ్ళ ముందే కరిగించాడా. బయట బంగారం ఒక్క చుక్క కలవలేదా.

ఆహా. చాలా సంతోషంరా. అంటే ఆ పట్టీల్లో పక్కింటివాళ్ళెవరూ లేరు. ఉన్నది మీ అమ్మా, మా అమ్మా. ఇద్దరూ కలిసి నీ కూతురి కాళ్ళకి వేలాడుతున్నారు.

నేనేం పెద్ద మాటలు అనట్లేదు. ఉన్నమాటే…

ఇప్పుడందరూ వేసుకుంటున్నారా? ఎవరందరూ? కలిదిండిలో ఇందుజ చెల్లెలు వాళ్ళ పిల్లకి చేయించిందని కదా ఈ ముచ్చట. వాళ్ళ రొయ్యలు బాగా పండాయి, వాళ్ళు కాళ్ళకి వేసుకుంటారో, కుక్క మెడలో కడతారో మనకెందుకు? మనింట్లో నడుం కిందకి బంగారం ఎప్పుడైనా దిగిందా? ఆ కాళ్ళతోనే నీ కూతురు మేత బస్తాలు తొక్కుకుంటూ మీ చెరువు గట్టెక్కుతుంది. ఆ కాళ్ళతోనే బాత్రూంకెళ్తుంది… తల్చుకుంటేనే వాంతొస్తోందిరా నాకు.

పిన్ని పెద్దకర్మ నాడు నేను నిన్ను అడిగానా లేదా? నాకు నగలేం వద్దు, ఆ బిళ్ళ ఒక్కటీ ఇమ్మన్నాను. అందరి ముందూ ఏమన్నావు? ‘అది మనింటి దేవతక్కా, ఇక్కడే బీరువాలో ఉండనీ, నువ్వొచ్చినప్పుడల్లా చూసుకుందువుగాని’ అన్నావు. నేను నమ్మి కైకలూరు బస్సెక్కాను…

కొత్తది చేయిస్తావా. దేన్ని చూసి చేయిస్తావ్? అమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు, నాన్న గుర్తులు చెప్తే కొట్టిన బొమ్మే అది. నన్ను కన్న పురిట్లోనే పోయింది. మొహం తెలీదు, గొంతు తెలీదు. పిన్ని ఒళ్ళో పడుకుని ఆ బిళ్ళ పట్టుకుంటేనే నిద్రపట్టేది నాకు. ‘సత్యా, అమ్మకి దణ్ణం పెట్టుకో’ అనేది లేవగానే. ముక్కూ కళ్ళూ అన్నీ అరిగిపోయాయి దాని మీద. నా వేళ్ళకే అరిగిపోయాయి. అలా అరిగినదాన్ని ఏ కంసాలి చేస్తాడు?…

ఏడవట్లేదు. అసహ్యమేస్తోంది. నిన్ను చూస్తే అసహ్యమేస్తోంది.

పారాణి విషయం… ఆ. ఒకటి చెప్తాను విను. పట్టీలు తీసి దేవుడి గూట్లో పెట్టండి. ఆ రోజుకి పిల్లకి వెండివి పెట్టండి. నేనొచ్చి పారాణి పెడతాను…

అడుగు. పక్కనే ఉందిగా మీ ఆవిడ, అడుగు. నేను లైన్లోనే ఉంటాను.

…

ఏమంటోంది?… ఫొటోగ్రాఫర్ పాదాలు విడిగా తీస్తాడా. ఓణీ అంచుకి వెండి నప్పదా…

సరే. చాలు. అయితే ఇందుజ వైపు వాళ్ళెవరిచేతైనా పెట్టించుకోండి. నా తల్లి మీదకి నేను వంగి ఎర్రరంగు పుయ్యను. నా చేతులు రావు…

ఫోను బావగారికి ఇవ్వను. ఇది ఆయన విషయం కాదు.

ఉంటాను… మళ్ళీ ఏంట్రా ఆ చప్పుడు? ఇందాకట్నించీ వింటున్నాను. గలగలమని…

పద్మప్రియా?

వేసుకుని ఇల్లంతా తిరుగుతోందా… అంటే నేను మొదట్నించీ వింటున్నది అదేనా.

ఆపమను. ఛీ, ఆపమనరా దాన్ని.

…

ఆగిపోయిందా…

లేదు, ఏం లేదు. పెట్టెయ్ ఫోను… ఆ, పెట్టెయ్…

ఉండు. పెట్టకు, ఫణీ. దాన్నేం తిట్టకు… ఫోను కొంచెం కిందకి పట్టుకో, దాని కాళ్ళ దగ్గర.

ఇంకొక్కసారి నడవమను.