మామయ్యగారి కారు బిళ్ళ

కెనడాలో బాన్ఫ్ కొండల్లోని సరస్సు చూడ్డానికి వెళ్ళే దారిలో గ్యాస్ స్టేషన్ దగ్గర కోడలు కారాపింది. వెనక సీట్లో మామగారు పొట్ట పట్టుకుని కూర్చున్నారు.

“మామయ్యగారూ, ఏమైంది?”

“వాష్‌రూమ్‌కి వెళ్ళినా రావట్లేదమ్మా.”

“యూరినా? ఎప్పట్నుంచి?”

“రాత్రి నుంచి. నీతో ఎలా చెప్పేది?”

“కార్లో తిప్పుతుందని బిళ్ళలు వేసుకున్నారా?”

“నిన్నట్నుంచి పూటపూటా వేసుకుంటున్నా. ఒక్క వాంతి లేదు, హాయిగా నిద్రొచ్చింది.”

“మీకసలే ప్రోస్టేట్ ప్రాబ్లమ్. అది ఉన్నవాళ్ళకి ఆ బిళ్ళ మూత్రాన్ని కూడా బిగబట్టేస్తుంది.”

“సరస్సు చూశాక డాక్టర్ దగ్గరికెళ్దాం.”

“సరస్సు ఎక్కడికీ పోదు. ముందు ఎమర్జెన్సీకి వెళ్దాం. సన్న ట్యూబ్ వేసి మూత్రం తీసేస్తారు.”

సాయంత్రం ఆస్పత్రి మంచం మీద ఆయన తేలికగా ఊపిరి తీసుకున్నారు.

“ప్రాణం లేచొచ్చిందమ్మా. మరి దారిలో మళ్ళీ వాంతొస్తే?”

“ముందు సీట్లో కూర్చోండి, నెమ్మదిగా నడుపుతా. ఏదొచ్చినా, రాకపోయినా నాకు చెప్పండి.”