అంజమ్మ పెట్టుకున్న కిటికి

ఏందే వసంతా, వంటింట్ల కిటికి పెడ్తమంటున్రా? పెట్టుకోన్రి, నేనొద్దన్ననా? గని పర్మిషన్ కాయితం వచ్చినంకనే పెట్టుకోన్రి. మన ఇంటెనక పాతకాలపు గుమ్మటం ఉన్నది గదా, దానికి నూరు మీటర్ల లోపల కొత్తగ ఏం కట్టనియ్యరు. ఉన్న గోడకు బొక్క కొట్టాలన్నా అడిగే కొట్టాలె. ఏం నవ్వుతున్నవ్? ముప్పై ఏండ్లు గా గుమ్మటం కాడ వాచ్‌మన్ నౌకరి చేసిన, రూలు నాకు చెప్తవా! గా రూలే లేకపోతే ఈపాటికి గుమ్మటం జాగల గూడ అద్దాల బిల్డింగే లేస్తుండె. అవునే, నువ్వు పనిచేసే బిల్డింగుల కిటికీలు తెరుచుకోవంట గదా? మరెందుకే గన్ని అద్దాలు? సరే తియ్యి.

ఇగో, గా పొయ్యి మీది గోడకు చెయ్యి పెట్టి చూడు. జర ఉబ్బినట్టు తాకుతలేదా? గది మీ నాయనమ్మ కిటికి. నువ్వప్పటికి పుట్టలే. అంజమ్మ అంటే మేస్త్రీలందరికి ఎర్కె, సిమెంటు మాలు కలిపితే ఆమెనే కలపాలె. గీ చుట్టుపక్కల బిల్డింగులల్ల సగం వాటికి ఆమె తట్టలు మోసింది. పొద్దుగాల పోయి మాపటికొచ్చి, గీ చీకట్ల, గీ పొగల కూసునేది. "ఏమయ్యా, ఊరందరి కిటికీలకు మాలు మోస్తున్న, నాకొక్కటి పెట్టనియ్యవా?" అనేది. "ఆఫీసుకు రాసిన, వస్తది తియ్యే" అంటుంటి. రాసింది నిజమే. రెండేండ్లాయె, జవాబు లేదు పత్తా లేదు.

ఇగ ఒకనాడు నేను డ్యూటీకి పోంగనే గడ్డపార అందుకున్నది. అంతకు ముందే బాలానగర్ల పాత ఇనుము దుకాణంల చువ్వల కిటికి కొని, బస్సుల ఒళ్లె పెట్టుకోని తెచ్చి, పక్కింట్ల దాచిందంట. కండక్టరు "ఏందమ్మా, కిటికికి గూడ టికెట్ కొట్టాల్నా?" అంటే, "కొట్టు, దాంట్లకెల్లి వచ్చే గాలికి గూడ కొట్టు" అన్నదంట. గట్లుంటుండె ఆమె నోరు. నేనొచ్చి చూద్దును గదా, వంటింట్ల ఎండ! రొట్టెలు చేసుకుంట బయటకు చూసి నవ్వుతున్నది. ఎంత మంచిగుండెనే గా మొఖం! ఇప్పటికి గదే యాదికొస్తది. ఇంకొక్కసారి చూస్తే చాలనిపిస్తది నాకు.

పదకొండు దినాలే ఉన్నది గా కిటికి. అంతకు ముందు నెలనే పక్క గల్లీ పెంటయ్య ఇంటి మీద ఇంకో అర్ర కడ్తుంటే నేనే ఆఫీసుకు రాసి పంపితి, వచ్చి కూలగొట్టిచ్చిన్రు. పాపం, కొడుకు పెండ్లికని కట్టుకుంటుండె. ఇగ ఊకుంటడా? చౌరస్తాల నిలవడి "కంచే చేను మేస్తున్నదిరో! వాచ్‌మన్ ఇంట్ల కిటికి చూడున్రిరో!" అనబట్టె. నలుగుట్ల తలకాయ ఎత్తకుంట చేసిండు. వాడన్నదాంట్ల తప్పేమున్నది?

గంతల్నే పెద్దాఫీసరు వచ్చిండు. వచ్చి, ముయ్యాలె అని రాసి పోయిండు. ఇటుకలు నేనే పేర్చిన. మాలు ఎవరు కలిపిన్రనుకుంటున్నవ్? ఆమెనే. నేను ఇటుక పెట్టబోతే "పొడి ఇటుక పట్టదయ్యా, తడుపు" అన్నది. ఆఖరి ఇటుక సుత ఆమెనే అందిచ్చింది. నన్నొక్క మాట అనలే. ఆఫీసరునే తిట్టింది, సచ్చేదాక తిట్టింది. "వాని కండ్లల్ల మన్ను వడ! గంత ఊరుండంగ నా కిటికే కనవడ్డదా వానికి?" అని. దవాఖానల కిటికి పక్క మంచం దొరికితే, "జర చూడయ్యా, వాడు గిటొచ్చి గిది గూడ ముయ్యమంటడు" అని నవ్వింది. నేను ఊఁ కొట్టిన. పన్నెండేండ్లాయె పోయి.

గా ఆఫీసరు మన కిటికి చూడనే లేదే వసంతా. మన గల్లీకే రాలే. గుమ్మటం చుట్టు తిరిగిండు, చాయ్ తాగిండు, జీపెక్కిండు. నేనే ఉరికి జీపుకు అడ్డం నిలవడ్డ. "సార్, మా ఇంట్ల గూడ పర్మిషన్ లేని కిటికి ఒకటున్నది" అన్న.

...కుక్కర్ ఎన్ని సీటీలు కొట్టింది? పో బిడ్డా, బంద్ చెయ్యి పో.