లైటు చెయ్యి మారినప్పుడు

ఏమిటీ, ఇక్కడ కూచోవాలా? ఈ లైటు నా మొహం మీదే పెట్టాలా తల్లీ, కళ్ళు జిగేల్మంటున్నాయి. సరే, కానీ. మీ తాత గురించి చెప్పమంటావు, అంతేగా. నీకు తాత, నాకు బావ, మా అక్క మొగుడు. ఆయన సంగతి చెప్పాలంటే ముందు ఆయన ఎడం చెయ్యి సంగతి చెప్పాలి. నవ్వకు, నిజమే చెప్తున్నాను. మా ఫొటో స్టూడియోలో వెనక గదిలో ఆయన పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసేవాడు, ముందు గదిలో నేను ఫొటోలకి లామినేషన్ చేసేవాణ్ణి. మధ్య తలుపు ఎప్పుడూ సరిగ్గా పడి చచ్చేది కాదు, అందుకని ఆయన కీబోర్డు చప్పుడంతా నా చెవిలోనే. టక్ మందంటే ఒక ముక్క కోసేశాడని. ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్ బటన్ నొక్కితే కట్. ఆ బటన్ మీద అక్షరం ఎప్పుడో అరిగిపోయింది. కన్ను చూసేది, వేలు నొక్కేది, మధ్యలో మనిషికి పనే ఉండేది కాదు. నాతో ఇంట్లో గొడవలు మాట్లాడుతూనే కోసేసేవాడు.

మా అక్క, అంటే నువ్వు చూడని మీ నాయనమ్మ, షూటింగుల్లో లైటు పట్టేది. ఇప్పటి లైట్లా అవి? కాసేపు ఎత్తి పట్టుకుంటే భుజం లాగేసేది. అందుకని కుడిచేతిలోంచి ఎడంచేతికి మార్చుకునేది. మార్చుకున్నప్పుడల్లా ఎదుటివాళ్ళ మొహాల మీద వెలుగు ఒక్కసారి కుంగి, మళ్ళీ లేచేది. ఒక్కోసారి ఆవిడ మోచెయ్యి కూడా ఫ్రేములో పడేది. బావ వెనక గదిలోంచి గొణిగేవాడు, నీ మోచేతికి కూడా వీడియోలో పడాలని సరదాగా ఉన్నట్టుందే అని. అక్క ఊరుకునే మనిషా? నా చెయ్యేమన్నా ఇనపకడ్డీనా, రేపట్నించి లైటు నువ్వు పట్టు, కెమెరా నేను పడతాను అనేది. ఆయన నవ్వుతూనే, వెలుగు కుంగిన చోటల్లా టక్, టక్ కోసేవాడు. కోసిందాన్ని చెరిపేసేవాడు. టేపు కూడా అంతే, ఒక పెళ్ళి అయిపోగానే దాని మీదే ఇంకో పెళ్ళి. మాకప్పుడు దాచుకోవాలన్న ఊహే లేదు. అన్నట్టు ఆ ఫ్యాను తగ్గించకు, ఉక్కగా ఉంది.

ఎక్కడున్నాను? ఆఁ, అక్క పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆ తర్వాత బావ రోజూ వెనక గదిలో తలుపేసుకుని పాత డిస్కులన్నీ వేసి చూశాడు. ఏం వెతుకుతున్నావు బావా అంటే అన్నాడు, "ఫొటోల్లో ఉందిరా. కదిలే మీ అక్క ఎక్కడా లేదు. నేనే కోసేశాను." నాకు ప్రాణం ఉసూరుమంది. ఊళ్ళో అందరి పెళ్ళాల్నీ కదిలేట్టు దాచిపెట్టిన మనిషికి సొంత పెళ్ళాం మోచెయ్యి కూడా మిగల్లేదు.

అప్పుడే ఆ పాత కంప్యూటరు మూలపడింది, కొత్త సాఫ్ట్‌వేర్ వేయించుకోక తప్పలేదు. నేర్పడానికి ఒక కుర్రాడొచ్చేవాడు. మాటకి ముందు సార్, వెనక సార్. "సార్, ఇందులో కట్ చేసినా ఏదీ పోదు సార్, పక్కన ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు లాక్కోవచ్చు సార్." ఆ మాటకి బావ వాడి మొహంలోకి ఎలా చూశాడనుకున్నావు? ఈ ముక్క ముందే ఎవరూ చెప్పలేదే అన్నట్టు. కానీ చెయ్యి కొత్త మాట వినదు కదా. ఇల్లు మారాక చీకట్లో పాత గోడ మీద స్విచ్చు కోసం తడుముకోమూ, అలాగ. కొత్తదాంట్లో కట్ ఇంకెక్కడో ఉంది. ఎఫ్ నొక్కితే కట్ అవదు, ఆ చోట ఒక పచ్చ గుర్తు పడుతుంది, అంతే. వేలు అలవాటు కొద్దీ నొక్కేస్తుంది, పచ్చ గుర్తు పడుతుంది, ఈయన నాలిక కరుచుకుంటాడు. పని నత్తనడక అయిపోయింది. పెళ్ళివాళ్ళు ముందు గదిలో నా పీక మీద కూచునేవాళ్ళు. కుర్రాడు అన్నాడు, బటన్లు పాతవాటిలాగే మార్చి పెడతాను సార్, చిటికెలో పని అని. నేను మార్చెయ్యి నాయనా, పుణ్యముంటుంది అన్నాను. బావ కీబోర్డు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. వద్దు, ఇలాగే ఉండనీ అన్నాడు.

ఎందుకో నాకు తర్వాత చూపించాడు. పట్టపగలే, పక్కన కూచోబెట్టుకుని. ఎవరిదో రిటైర్మెంటు సభ. పచ్చ గుర్తు పడిన చోటికి వెళ్ళి ఆడించాడు. ఎవరో మాట్లాడుతున్నారు. చూడు, అన్నాడు. ఆ పెద్దమనిషి మొహం మీద వెలుగు కుంగి, లేచింది. ఇంకో గుర్తు. అక్కడా అంతే. మా అక్క పోయాక మేం లైటు ఎవరికీ ఇవ్వలేదమ్మా. స్టాండుకి బిగించి, కాళ్ళ మీద ఇసక మూటలు వేసేవాళ్ళం. బిగించింది నేనే. మరి చెయ్యి మార్చుకునేదెవరు? కరెంటు హెచ్చుతగ్గులు అన్నాను. నేను ఇలాంటివి నమ్మే రకాన్ని కాదు, నీకు తెలుసు. ఆయన మళ్ళీ ఆడించాడు. వెనకాల గోడ మీద వరసగా చిన్న బల్బులున్నాయి, వాటిలో ఒక్కటీ కుంగలేదు. పక్కన ఫ్యాను తిరుగుతున్నట్టే తిరిగింది. ఇంకోసారి ఆడించాడు. అప్పుడు చూశాను, మా స్టాండు పక్కన కూచున్న ఒకావిడ, మాట వింటూ వింటూనే, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది, ఎవరో అటు వస్తుంటే దారి ఇచ్చినట్టు. ఆవిడ కళ్ళు స్పీచి మీదే ఉన్నాయి. అక్కడ ఎవరూ లేరు. నేను లేచి ముందు గదిలోకి వచ్చేశాను. బావ మాత్రం భయపడలేదు. మొహం వెలిగిపోతోంది. "నా కంటికి తెలియట్లేదురా, నా వేలికి తెలుస్తోంది. బటన్లు మారిస్తే మళ్ళీ కోసేస్తాను" అన్నాడు.

ఇంక అక్కణ్ణించి అదే పని. ఆ ముక్కలన్నీ ఒకదానికొకటి అతికించాడు. ఎవరెవరివో మొహాలు, వెలుగు కుంగడం, లేవడం. చూస్తే ఏముంది, పిచ్చి అనుకుంటారు. నేనూ అన్నాను ఒకసారి, మొహం మీదే. ఏ ఒక్క ముక్కలోనైనా మోచెయ్యి పడకపోతుందా అని ఆయన ఆశ. పడలేదు. చివరికి ఆస్పత్రిలో మంచం మీద మాట పడిపోయాక కూడా, ఎడం చూపుడువేలు దుప్పటి మీద టక్, టక్. నేను పక్కనే ఉన్నాను. వేలు ఆడినప్పుడల్లా నేను తలెత్తి లైటు కేసి చూసేవాణ్ణి. చూడకుండా ఉందామనే అనుకునేవాణ్ణి, చూసేవాణ్ణి. సరేలే, ఆ సంగతి వదిలెయ్యి.

నువ్వూ ఆ ఎడిటింగ్ పనిలోకే వచ్చావు, నువ్వేమో ఇంకా కొత్త సాఫ్ట్‌వేర్ అంటున్నావు, అందులో ఎఫ్ నొక్కితే ఏమవుతుంది? ఏమీ అవదా? మంచిదే. మీ తాత నిన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని నేర్పాడనుకోవడానికి కూడా లేదు, నువ్వు పుట్టేసరికే ఆయన లేడు. నీకు ఆయన అలవాట్లు రావడానికి...

తల్లీ, ఆ స్టాండు గట్టిగా బిగించావా? ఏం లేదు, ఇప్పుడు నా కళ్ళ మీద వెలుగు కొంచెం... నీకేం అనిపించలేదూ? ఏమీ లేదా? మరి నీ ఎడం చెయ్యి కుర్చీ మీద ఏం కొట్టింది ఇప్పుడు? అదిగో, మళ్ళీ. కదలకు. లేవకు, లైటు ముట్టుకోకు. కెమెరా నడుస్తోందిగా? నడవనీ. ఇదిగో, తల తిప్పి చూస్తున్నాను, నా వెనకాల ఆ బీరువా అద్దంలో కనబడుతోంది, లైటు పక్కన... మోచేతి వరకే కనబడుతోందమ్మా.

ఈ ముక్క కొయ్యకు.