ముజమ్మిల్ వేసిన ముడి

ఒకప్పుడు పత్తి బేళ్లు దాచిన ఆ నరసరావుపేట గోడౌన్‌లో ఇప్పుడు మిరప నారు పెంచుతున్నారు. బరువైన లైట్ల ఫ్రేములు కప్పీల మీదుగా తాళ్లకు వేలాడుతున్నాయి. యజమాని, అక్కడ పనిచేసే అమ్మాయి చివరి వరుస దగ్గర నిలబడ్డారు.

“నారు లైట్లకు తగులుతోందమ్మాయ్. ఆకులు మాడిపోతున్నాయి. కొక్కెం దగ్గర తాడు విప్పి ఫ్రేము పైకి లాగుదాం.”

“విప్పొద్దు బాబాయ్. ఆ ముడి ఆయన వేసింది.”

“మీ ఆయన పోయి నెల దాటింది గదమ్మా.”

“లారీ గుద్దిన రోజు పొద్దున్నే వేశాడు. రోజూ నేను షట్టర్ తీసేసరికి ఆ తాడు కొస ఊగుతా ఉంటది. లోపల గాలి కూడా ఆడదు.”

“నాకెప్పుడూ కనపళ్లేదే.”

“నువ్వొచ్చేసరికి ఆగిపోద్ది.”

“సరే, తాడు జోలికి పోను. చైన్ బ్లాక్ తగిలించి ఫ్రేము ఎత్తుతా. ముడి ముడిలాగే ఉంటది.”

“అట్టా చెయ్యి బాబాయ్.”

“ఇదిగో, లేస్తోంది.”

“తాడు వదులైపోతోందేంది?”

“బరువంతా చైను మీదకొచ్చింది గదా.”

“ముడి జారిపోతోంది బాబాయ్! ఆపు!”

“అయ్యో, అది బరువు లాగుతుంటేనే నిలిచే ముడమ్మా. ముజమ్మిల్ ఎప్పుడూ అట్టాగే వేసేవాడు. నాకు తట్టనే లేదు. ఊడిపోయింది. మళ్లీ దించి కట్టనా?”

“వద్దు. తాడు చూడు, కొస కూడా ఊగట్లా.”

“అమ్మాయ్...”

“ఆయనే విప్పుకుని పోయాడు బాబాయ్.”