పసుపు గుడ్డలో మడతకత్తి

ధర్మవరంలో ఒక ఆదివారం ఉదయం. మగ్గం గుంతలో కూర్చున్న నారాయణప్ప ఫోన్లో కూతురు ధరణితో మాట్లాడుతున్నాడు. ఆయన భార్య హనుమమ్మ గడప పక్కన మంచం మీద కూర్చుని తెల్లగడ్డలు ఒలుస్తోంది.

"...వాడతాండానమ్మా. రోజూ వాడతాండా. ఎందుకు వాడను?"

"నిజంగానా నాయనా?"

"నిజంగానే. ఇప్పుడు కూడా చేతిలోనే ఉండాది. జరీ పోగు కోస్తాండా. వెన్నలో దిగినట్ల దిగతాది."

"అయితే ఈపాటికి బాగా అరిగుంటాది."

"ఆ... అరిగింది. రవ్వంత అరిగింది."

"సరే, వచ్చి చూస్తాలే."

"వచ్చి... ఎప్పుడొస్తావు మా?"

"వస్తానే ఉండా నాయనా. పెద్దమ్మను చూసేకి నిన్న హిందూపురం పోయింటి. ఆణ్ణించే బస్సెక్కినా. సోమందేపల్లి దాటింది. పెనుకొండలో నేనుండే హాస్టల్ కాడ దిగను, నేరుగా ఇంటికే. ఉంటా."

"ధరణీ! ఒగ నిమిషం... ధరణీ! పెట్టేసింది."

"ఏమంటాది పాప?"

"వస్తాందంట."

"రానీ. మంచిదే కదా. పప్పులో ఇంగొక గ్లాసు నీళ్ళు పోస్తా."

"నీళ్ళ గోల కాదే! కత్తి చూస్తానంటాంది."

"చూడనీ."

"ఏం చూస్తాది? గూట్లో దేవుని పటం పక్కన పసుపు గుడ్డలో చుట్టి పెట్టినాం. కొన్న నాడు ఎట్లుండెనో అట్లే ఉండాది."

"పెట్టినాం కాదు, పెట్టినావు. దసరాకు ఆయుధపూజ అని నువ్వే పెట్టినావు. ఊర్లో అందురూ మరుసటి రోజే ఎత్తుకోని పనిలోకి దిగినారు. వడ్లాయప్ప ఉలి ఎత్తుకున్యాడు, ఆటో వాడు ఆటో ఎత్తుకున్యాడు. నువ్వు మాత్రం ఉగాది పోయినా దండాలు పెట్టుకుంటానే ఉండావు."

"కుంకుమ పెట్టినాక తీసేకి చేయి రాలేదే."

"మగ్గానికీ కుంకుమ పెట్టినావు. నేస్తానే ఉండావు కదా."

"మగ్గం మా నాయనది. పాతది. ఇది మూడువేల ఎనిమిదొందలు! పెట్టె మీద చీటీ నువ్వూ చూసినావు కదా. ఎర్రమంచి ఫ్యాక్టరీలో పాప పొద్దంతా నిలబడి నిలబడి సంపాయించిన దుడ్డు. దాంతో పోయి పోగులు కోసేదా?"

"కోసేకే కదప్పా తెచ్చిచ్చింది."

"నీకేం తెలుసు? ఒగ గీత పడితే?"

"పడితే పడనీ. మన మొగాల మీద పడలేదా?"

"హాస్యాలు చాల్లే హనుమమ్మా. నాకు ఈడ గుండె దడదడ అంటాంది."

"అనదా మల్ల? చేతిలో ఉండేది తుప్పు చాకు. నోట్లో వెన్న!"

"పాప బాధపడతాదని చెప్పినా. వాచీ తెచ్చింది, పెట్టెలో పెట్టినా. తోలు చెప్పులు తెచ్చింది, అవీ పెట్టెలో పెట్టినా. రెండూ అట్లే ఉండేది చూసి ఎట్ల ఏడ్చిందో మరిసిపోయినావా? 'నేను తెచ్చింది నీకు చేదా నాయనా' అని అన్నం తినకుండా బస్సెక్కి పోయింది."

"మరిసిపోలేదు."

"కత్తి ఇచ్చేటప్పుడు ఏమనింది? 'ఇది కూడా పెట్టెలో చేరిందంటే ఇంగ నీకు ఏమీ తేను నాయనా' అనింది."

"పెట్టెలో చేరలేదు కదా. గూట్లో చేరింది."

"ఏమే! నీకు ఆటగా ఉండాదా? ఆ పిల్ల మనసు ఇంగోసారి విరిగితే నాకు ముద్ద దిగదు. తేకపోతే పోనీ, నాకేమీ వద్దు. నేను దాని కష్టాన్ని తీసి పక్కన పారేస్తాండానని అనుకుంటాది చూడు... అదే నాకు తట్టుకునేకి కాదు."

"అట్లయితే గుంతలోంచి లెయ్యి. గుడ్డ విప్పు."

"విప్పుతాలే."

"లేసి ఆ గోడకూ ఈ గోడకూ తిరుగుతాండావు కానీ గూడు కాడికి పోవేమి?"

"ఆలోచన చేస్తాండా. పోయింది అని చెప్తే?"

"చెప్పు. రేపే ఇంగొకటి కొంటాది."

"అమ్మో! ఇంగో మూడువేలా? వద్దొద్దు. సానపట్టేటాయప్పకు ఇచ్చినా, ఇంగా తిరిగియ్యలేదు అని చెప్తే?"

"ఆయప్ప పోయిన బేస్తవారం వచ్చి పోయినాడు. మల్ల నెలకు గానీ రాడు."

"నీకెట్ల తెలుసు?"

"ఎట్ల తెలుసంటే... వీధిలో అరుచుకుంటా పోయినాడు. నాకు చెవులు లేవా?"

"నాకు వినపడలేదే."

"నీకు మగ్గం తప్ప ఏం వినపడతాది?"

"సరే, సరే. పాతదాని మాదిరి చేసి చూపిద్దాం. పెరట్లో బండ మీద రవ్వంత రుద్దితే?"

"రుద్దు."

"ఎంత రుద్దాల?"

"ముందు గుడ్డ విప్పు."

"గట్టిగా రుద్దితే అంచు పోతాదేమో. మెల్లగా రుద్దితే పాపకు తెలిసిపోతాదేమో. అది ఫ్యాక్టరీలో ఇనుము మీద గీతలు పట్టుకునే ఉద్యోగమే చేస్తాది. కండ్లు డేగ కండ్లు."

"విప్పి చూడప్పా ఫస్టు. విప్పకుండానే పెండ్లంత హడావుడి చేస్తాండావు."

"నువ్వు రుద్దవే. నేను చూడలేను. నేను వీధిలోకి పోయి నిలబడతా."

"నేనెందుకు? నీ కత్తి."

"నా కత్తే. అందుకే నావల్ల కాదు. పోనీ, రుద్దేది వద్దు. దాంతో నాలుగు ఎర్రగడ్డలు కొయ్. రసం పట్టి రవ్వంత నల్లబడతాది. వాడినట్ల ఉంటాది."

"ఎర్రగడ్డలా? ఆ కత్తితోనా?"

"ఆ."

"బాగా ఆలోచించుకో. మూడువేల ఎనిమిదొందలది."

"ఆలోచించే చెప్తాండా."

"నేను కోయొచ్చా?"

"కోయొచ్చు."

"కూరాకు కూడా కోయొచ్చా?"

"ఏదన్నా కొయ్! పాప వచ్చే లోపల కొయ్!"

"మల్ల నన్ను అనకూడదు."

"అనను."

"ఎందుకు ముట్టినావు అనకూడదు. గీత పడింది అనకూడదు."

"అననంటే అననే తల్లీ!"

"మగ్గం మీద చెయ్యేసి చెప్పు."

"ఇదో. మా నాయన మగ్గం మీద ఒట్టు. హనుమమ్మ ఆ కత్తితో ఏం కోసినా నేను ఒగ్గ మాట అనను. చాలునా?"

"చాలు."

"చాలని నవ్వుతావేమి?"

"ఏం లేదు. ఫోన్ మోగతాంది, చూడు."

"హలో... ఆ మా... యాడ? బస్టాండులోనా? అప్పుడేనా? సరే... సరే మా... మెల్లగా రా, తొందరేం లేదు... పెట్టేసింది. హనుమమ్మా, దిగేసిందంట! ఆటో ఎక్కుతాందంట! ఇంత బిరీన ఎట్లొచ్చింది?"

"నువ్వు ఇదే పాట పాడుకుంటా ఎంతసేపాయనో తెలుసునా? పప్పు కూడా ఉడికిపాయ."

"లెయ్యి, లెయ్యి! ఎర్రగడ్డలు తీసుకో!"

"ముందు కత్తి తీసియ్యి."

"తీస్తాండా. దేవుడా, తప్పు కాయి సామీ. బిడ్డ కోసం తీస్తాండా... ఈ ముడి ఎవురేసినారే ఇట్ల? నేనేసింది ఇట్ల కాదే."

"ముడికి కూడా గుర్తు పెట్టినావా?"

"ఆ... వచ్చింది. ఇదో... ఏమే."

"ఊ."

"ఇది మన కత్తేనా?"

"మనది కాకుంటే ఎవురిది?"

"పిడి మీద మెరుపు యాడికి పాయ? ఈ అంచు... దీన్ని సాన పట్టినారే! హనుమమ్మా! మడత సందులో కొత్తిమీర ఉండాది!"

"కొత్తిమీర కాదు. గోంగూర. నిన్నటిది."

"నిన్నటిదా! ఎవురే?"

"ఇంట్లో ఉండేది ఇద్దరం. నువ్వు కాదు."

"ఎప్పట్నించి?"

"దసరా మరుసటి రోజు నించి."

"అబద్ధం. పొద్దున్నే గుడ్డను ముట్టి కండ్లకు అద్దుకుంటా కదా. లోపల గట్టిగానే ఉండె కదా."

"కత్తి నా కాడ ఉన్నంతసేపూ గరిటె పెట్టి చుట్టేదాన్ని."

"ఇన్నాళ్ళూ నేను గరిటెకు దండం పెట్టినానా?"

"అన్నం పెట్టే గరిటె. తప్పేముంది?"

"నిన్నూ..."

"మగ్గం మీద ఒట్టేసినావు."

"అది ఎర్రగడ్డలకు కదా ఏసింది!"

"ఏసినావా లేదా?"

"ఏసినా. ఎందుకు చేసినావే ఇట్ల? నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే తీసి పెట్టెలో వేసి బీగం వేస్తావు. పాప నాకూ ఫోన్ చేస్తాది కదా. 'అమ్మా, కత్తి వాడతాండారా' అని రోజూ అదే మాట. నువ్వు వాడతాండానని చెప్పేస్తావు, నీకు నోరు తిరుగుతాది. నాకు ఆ పిల్ల కాడ అబద్ధం రాదు. అందుకని వాడతాండామని చెప్పేకి వాడినా."

"భయం కాలేదా నీకు?"

"ఎందుకు కాలేదు? మొదటి రోజు ఒగ్గ పచ్చిమిరక్కాయ కోసి, రెండుసార్లు కడిగి, కొంగుకు తుడిచి గూట్లో పెట్టేసినా. పొయ్యి కాడ కూచున్నా గానీ నా మనసంతా గూట్లోనే. మరుసటి రోజు రెండు వంకాయలు. ఒగసారి చేయి జారి బండ మీద పడింది. ఆ పొద్దు నాకు అన్నం సయించలేదు. తీసి చూస్తే ఏమీ కాలేదు. ఆ నాడు భయం పాయ. ఇప్పుడు అది చేతిలో లేకుంటే నాకు వంట చేసినట్లే ఉండదు."

"కత్తిపీట ఉండాది కదా."

"కత్తిపీట ముందర కింద కూచోని ఎన్నాళ్ళాయనో నీకు తెలుసునా? మోకాళ్ళు పట్టేసినాయి. కూచుంటే లెయ్యలేను. మంచం మీద కూచోని, ఒళ్ళో గిన్నె పెట్టుకోని దీంతోనే కోసుకుంటా. నీ అన్నం తట్టలోకి వచ్చే కూర ఏంటితో కోస్తాండానో ఒగ్గ రోజన్నా అడిగినావా?"

"మోకాళ్ళు నొప్పి అని నాకు చెప్పలేదే."

"చెప్పినా. మగ్గం చప్పుడులో పోయినట్లుంది."

"హనుమమ్మా..."

"ఏడ్చేవు. ఆటో వచ్చింది, కండ్లు తుడుచుకో."

"నాయనా! అమ్మా! యాడుండారు? ఇద్దరూ గూడు కాడ నిలబడి ఏం చేస్తాండారు?"

"రా మా ధరణీ, రా. ఏం లేదు. ఊరికే."

"ఏదీ కత్తి? చేతిలోనే ఉండాదే! ఇట్లియ్యి. అబ్బా, పిడి ఎంత నున్నగా అయిపాయ! బాగా వాడినావు నాయనా... ఇదేమి, గోంగూర? మగ్గం గుంతలో గోంగూర పండిస్తాండావా?"

"మా... నేను అబద్ధం చెప్పినా."

"ఏమని?"

"నేను ఒగ్గ రోజు కూడా ముట్టలేదు. దసరా నించి గూట్లో పెట్టి దండం పెట్టుకుంటా ఉండా. వాడింది మీ అమ్మ. ఇప్పుడే తెలిసింది నాకు. నువ్వు తెచ్చింది చేదై కాదు మా. నీ కష్టం అరిగిపోతాదేమో అని భయం, అంతే. ఏడవొద్దు. అన్నం తినకుండా పోవద్దు. ఈ పొద్దు నించి జేబులోనే పెట్టుకుంటా. నీ ముందరే పోగులు కోస్తా. ఇయ్యి ఇట్ల."

"ఇయ్యను."

"కోపమా మా?"

"కోపం కాదు. నీకు ఇంగొకటి తెచ్చినా. ఇదో, పట్టుకో."

"ఇది... కూరగాయల చాకు కదా?"

"హిందూపురం బజార్లో కొన్నా. నూటిరవై. ఇది మగ్గం కాడ పెట్టుకో. గీతలు పడినా ఏం కాదు."

"నాకు నూటిరవైదా? మల్ల అది?"

"పాపా, మీ నాయన మొగం చూడు ఎట్లాయనో. అది ఆయప్పదే, ఇచ్చేయి. ఆ చాకు నాకియ్యి. నాకు ఏదో ఒగటి చాలు."

"విన్నావా నాయనా? అమ్మ ఎప్పుడూ ఇదే మాట. కింద కూచోలేకపోతాందని రెండుసార్లు మంచి చాకులు తెచ్చి అమ్మ చేతికిచ్చినా. రెండూ 'మీ నాయనకు పనికొస్తాది' అని నీ మగ్గం కాడికే చేర్చింది. నీ చేతిలో తుప్పు పట్టింది ఆ రెండోదే."

"అయితే?"

"అయితే ఏముంది నాయనా... నువ్వు ముట్టేకి భయపడేంత ఖరీదుది చూసి, నీ పేరు చెప్పి అమ్మకు కొన్నా."