కార్డు మీద పద్నాలుగు అంకెలు

రజాక్ మీద ఎందుకు పడ్తవ్ లాల్ బీ? ఆయన డబ్బా నీ పైసలు తినలే.

కూసో. జర కూసో. చాయ పెట్టిన. అండ్ల శక్కరి ఏసిన్నో లేదో యాదికి లేదు, నువ్వే తాగి చెప్పు.

రేపు జుమ్మా నమాజ్ కాంగనే పెద్దమనుషులు కూసుంటరట గద? రజాక్ ఎస్టీడీ డబ్బా నార్కట్‌పల్లి చౌరస్తల ఉండొద్దని చెప్తరట గద? కాలు పడిపోయినోడని సర్కారు ఇచ్చిన బతుకుదెరువు అది. చంకల కర్రలు పెట్టుకోని యాడికి పోతడు ఆయన? నువ్వు మసీదు ముంగట నిలవడి దొంగ అన్నవు. ఊరు నమ్మింది. నీ పక్కన నిలవడి నేను కూడ తలకాయ ఊపిన.

ఊపిన, అవ్. ఆ సంగతికే వస్తున్న.

ముందుగాల కార్డు సంగతి ఇను. నీ బిడ్డ షంషాద్ భీవండి నుంచి నీకు పంపింది, ఐదువందల ఫోను కార్డు. నువ్వు రుమాల్ల చుట్టి, ట్రంకు పెట్టెల పెట్టి, తాళమేసి, తాళంచెవి మెడల ఏసుకున్నవు. శుక్రవారం ఒక్కనాడే తీస్తుంటివి. పైసలు ఆ అట్టముక్కల ఉన్నయనుకున్నవు. లేవు చెల్లె. అట్టను ఫోన్ల పెట్టేది లేదు, ఎవలకు చూపెట్టేది లేదు. బూడిద రంగు పూత గోటితోని గీకితే కింద పద్నాలుగు అంకెలు ఎల్లినయి చూడు, అవే పైసలు. మొదలు కార్డోళ్ల నంబరు కొట్టాలె, ఎన్క ఆ పద్నాలుగు, ఆ ఎన్క మనకు కావాల్సిన నంబరు. మనం మాట్లాడుతుంటే కార్డోళ్లు ఎక్కడ్నో ఉండి పైసలు కోసుకుంటనే ఉంటరు. పగటిపూటైతే నిమిషానికి ముప్పై పైనే. రజాక్ డబ్బల ఎర్ర అంకెలు తిరిగేది ఊళ్లె ఫోనుకు పడే రూపాయి లెక్కకే. నీ కార్డుల ఎంతున్నదో ఆయనకు తెల్వనే తెల్వదు.

ఆ అంకెలు ఎవలకు తెలిస్తే పైసలు వాళ్లయి. మరి ఎవలకు తెలుసు? నీకా, సదువు రాదు.

గట్ల చూడకు. చెప్పనియ్యి. నడుమ ఆగితే మర్చిపోత.

నేను బడికి పోయిన దాన్ని కాదు, నీకెరికే. పుట్నాలు కట్టిచ్చిన కాయితాలు చదువుకుంట నేర్చుకున్న. అందుకే నువ్వు "కౌసల్యక్కా, అద్దాలు తెచ్చుకో, పోదాం పా" అంటుంటివి, నేనొచ్చి అంకెలు కొడుతుంటి. పొయ్యి మీది అన్నం మర్చిపోయి మాడగొట్టుకుంటున్న దినాలవి. చూడకుంట ఆ పద్నాలుగు చెప్పగలుగుతనా అని ఓనాడు అనిపించింది. ఇగ పొద్దున లేవంగనే చదువుకునుడే. దేవుని పేరు తల్సుకున్నట్టు. ఒక్కటి తప్పకుంటే ఆ దినమంత పానం నిమ్మళం.

నల్లగొండ దవాఖానకు పోయిన్నాడు, బస్టాండు కాడ ఫోన్ల కొట్టి చూసిన. యాది తప్పిందా లేదా తెల్సుకుందామని, అంతే. ఎవరో ఆడమనిషి గొంతు హిందీల చెప్పింది, మూడు వందల పది రూపాయలున్నయని. ఒక్క అంకె తప్పలే. నేను చిన్నపిల్ల లెక్క నవ్విన. అప్పుడే ఫోన్ పెట్టేస్తే నీ పైస పోకుంటుండె.

పెట్టలే. మా అక్క యాదమ్మకు కలిపిన. సూరత్‌ల ఉంటది, మగ్గాల పని మీద పోయిండ్రు. కోడలు ఎత్తి అక్కకిచ్చింది. "నేనక్కా, కౌసల్యను" అన్న. "ఏ కౌసల్య?" అన్నది. నాయిన పేరు చెప్పిన. ఇద్దరం ఒక్క రాట్నం కాడ కొట్లాడుకుంట నూలు కండెలు చుట్టింది చెప్పిన. "మంచిగున్నవా అమ్మా" అని అడిగింది, బస్సుల పక్కన కూసున్నదాన్ని అడిగినట్టు.

మూడు దినాలకు మల్ల పోయిన. మల్ల "ఏ కౌసల్య?" మూడోమాటు పోయినప్పుడు, అంత మల్ల చెప్పినంక, "నువ్వా పొట్టీ" అన్నది. చిన్నప్పుడు నన్ను గట్లనే పిలిచేది. ఆ ఒక్క మాటకు నీ కార్డు ఒడిసినంత పనైంది.

మల్ల నింపుదామనుకున్న లాల్ బీ. పింఛన్ రాంగనే అండ్ల పైసలు ఏస్త అనుకున్న. కార్డులమ్మేటాయనను అడిగితే నవ్విండు. "దాంట్ల మల్ల ఏసేది ఉండదు అవ్వా, అయిపోతే పారేసుడే. కొత్తది కొనాలె." ఐదువందలు. నాకొచ్చేది డెబ్బై ఐదు.

శుక్రవారం వచ్చింది. షంషాద్‌కు నెలలు నిండినయి. నేనే కొట్టిన అంకెలు. ఆ గొంతు నా చెవుల చెప్పింది, పద్దెనిమిది రూపాయలున్నయని. అర నిమిషం. నాకు సాఫ్ ఇనవడ్డది. ఏమనకుంట నీ చేతుల పెట్టిన ఫోను.

"అమ్మీ, ఆపరేషన్ అంటున్నరు, నాకు భయమైతాంది..." అన్నదట పిల్ల. తెగిపోయింది.

రజాక్ ఏమన్నడు? "పైసలొద్దు ఖాలా, నా లైన్ మీద చెయ్యి" అనలేదా? నీ కార్డు తిన్న డబ్బా ముట్టనని నువ్వు ఉమ్మేసి ఎల్లినవు. అప్పుడు నేను నోరు తెరిస్తే అయిపోతుండె. ఒక్క మాట. నువ్వు పిల్లతోని మాట్లాడేదానివి. తెరవలే. నువ్వు రెండు దినాలు బస్సుల, రైలుల, బిడ్డ బతికున్నదో లేదో తెల్వకుంట పోయినవు. నీ మనుమరాలు తాహేరా పుట్టి మంచిగనే ఉన్నది, తల్లి మంచిగనే ఉన్నది. అది దేవుని దయ, నా మంచితనం కాదు.

నలభై దినాలకు తిరిగొచ్చి నువ్వు రజాక్‌ను తిడుతుంటే, పక్కన నిలవడ్డ దొంగను నేను.

రేపు పెద్దమనుషుల ముంగట నేనే చెప్త. గానీ నా మీద నాకే నమ్మకం లేదు. పొద్దటికి యాది ఉంటదో, ఉండదో. ఉన్నా మర్చిపోయినట్టు చేస్తనేమో, అది ఇంక భయం. అందుకే అంత రాసిపెట్టిన. కింద సంతకం కూడ పెట్టిన. ఇగో, పట్టు. ఆ రుమాల్ల చుట్టుకో.

తాగినవా? శక్కరి ఏసిన్నా లేదా?

ఆ పద్నాలుగు మటుకు ఇప్పటికీ ఒక్కటి తప్పవు చెల్లె. పైస లేని అంకెలు, పొమ్మన్నా పోతలేవు.

కాయితం ఇటియ్యకు. ఈసారి నాతోని చదివిచ్చుకోకు. రజాక్ కాడికి పో, ఆయనతోని చదివిచ్చుకో.