ఊదుబత్తి సగం కాలేదాక

హలో… ఆ, నేనే బిడ్డా, అమ్మమ్మను… చేనేత సంఘం ఆఫీసుల్నుంచే. నువ్వు జర బయటికొచ్చి మాట్లాడు, ఉషా. పెట్టెల ఏం లేదంటున్రు!

…గదే, కంప్యూటరు పక్కన నువ్వు పెట్టిపోయిన నల్ల పెట్టె. మీ తాత చీరలకు గీసిన గొల్లభామలు, అంచులు అన్నీ అండ్లనే ఉండె గద. షాపుల కంప్యూటర్ల తెరిస్తే ఖాళీ… మగ్గాలకాడ తెరిచినా ఖాళీనే.

…కాగితాలా? చెదలు తిన్నయ్ గదనే! ఫోటోలు తీసి అండ్ల పెట్టింది నువ్వే.

…నిన్నటిసంది. నేను కొమురవెల్లికి పోతి, ఇస్తారి తలుపు తీసిండు. సంఘం పెద్ద గద. పెట్టె ఖరాబైంది, మొత్తం తుడిపిచ్చి కొత్తగ పెట్టిస్త అంటుండు. బాగుజేసే మనిషి గూడ బయలెల్లిండట…

…ఫోను ఆయనకిచ్చి చూసిన. "పట్నంల కూసున్న పోరి నాకు చెప్తదా" అని ఫోను నా చేతులనే పెట్టిండు.

…నేను కొట్టాల్నా? ఏం అచ్చరాలే ఇవి… ఒకటి దువ్వెన లెక్కున్నది. ఒకటి కొడవలి… నవ్వకు. నాకొచ్చింది నా పేరొక్కటే, అది గూడ తెలుగుల.

…రోజు ఆఫీసు ఎట్ల తీస్తనా? ముందుగాల పెట్టెకు స్విచ్చేస్త. బొట్టువెట్టి ఊదుబత్తి ముట్టిస్త. సగం కాలినంక కంప్యూటరు. మీ తాత మగ్గానికి గట్లనే జేస్తుండె. ఊదుబత్తి సగం కాలనిది పోగు నేసే నాడె ముట్టకపోతుండె…

ఏంది? …ఇస్తారి ఎట్ల తీసిండా? ఆయన అన్ని స్విచ్చులు ఒక్కపారే ఏసిండు.

…పెట్టె లేవకముందే కంప్యూటరు అందరికి పంచుడు మొదలువెట్టిందా? ఉత్త చేతుల్తోని? …పెట్టె లేచిందా లేదా చూడుమని కంప్యూటరుకు నువ్వు రాయలేదా? …మర్శినవా…

రెండేండ్లసంది నా ఊదుబత్తే కాసిందన్నట్టు! …ఏడ్వకే. బొమ్మలు అండ్లనే ఉన్నయి గద? …నా తల్లి!

…ఆ. అన్నీ బంద్ చేసిన. ఇగో, పెట్టె ఏసిన… ముట్టిచ్చిన. ఆగుతున్న.

…ఇస్తారీ, జర ఆగయ్యా! పావు గూడ కాలలే!

…వచ్చిండే, ఉషా. ఆ మనిషొచ్చిండు. సంచి తెచ్చిండు.

అయ్యో… కరెంటు పోయింది. పెట్టె మీది దీపం ఆరింది.

…ఇంటికి కొంటపోయి తుడుస్తడట. వద్దు నాయినా, అండ్ల మా ఇంటాయన నలభయేండ్ల చెయ్యున్నది…

…చెప్పిన బిడ్డా. ఊదుబత్తి ముచ్చట గూడ చెప్పిన. ఇద్దరు మొకాలు చూసుకొని నవ్వుతున్రు.

…వైరు గుంజిన. ఒళ్లె వెట్టుకొని కొంగు కప్పిన. ఇంకా వెచ్చగున్నదే.

నువ్వు బస్సెక్కు… మూడు గంటలా? కానీయ్. నువ్వొచ్చేదాక లేవ.

…ఇస్తారీ, చెయ్యి దియ్!

ఉషా, ఫోను కింద పెడ్తున్న. రెండు చేతులు గావాలె—